మా తమ్ముడి పురుడు

మా తమ్ముడికి మూలుగ అంటే ప్రాణం. మలేసియాలో మేము పుట్టి పెరిగిన సుంగై సుమున్ తోటల ఎస్టేటులో దీపావళికి మేకను కోసి ఇళ్ళవారీగా వాటాలు వేసేవారు. మా వాటా కూరలో మూలుగ ఎముక ఎవరి కంచంలో పడినా చివరకు అది వాడి కంచంలోకే చేరేది. ఎముకను కంచం అంచుకు తట్టి, ఒక కన్ను మూసి దాని బొర్రలోకి తొంగిచూసి, ఆ తరువాత ఇల్లంతా వినపడేటట్లు పీల్చేవాడు. భోజనం దగ్గర చప్పుడు చేయరాదన్నది నా నియమం. నాకప్పటికి పట్టుమని పన్నెండేళ్ళు లేవు గాని నియమాలు మాత్రం చాలానే ఉండేవి. నేను కసిరినకొద్దీ వాడు మరింత గట్టిగా పీల్చేవాడు.

ఇన్నేళ్ళ తరువాత, కౌలాలంపూర్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో రక్తవ్యాధుల డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, వాడి జబ్బు మూలుగలో ఉన్నదని చెప్పినప్పుడు నాకు మొదట జ్ఞాపకం వచ్చినది ఆ చప్పుడే. ఆనాడు పట్టుకున్న భయం ఇప్పటికీ నన్ను పూర్తిగా విడిచిపెట్టలేదు. భయాన్ని భయమని ఒప్పుకొనే అలవాటు నాకు లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పిల్లల ఎదుట నిలబడి, అందులో చివరి కొన్నేళ్ళు ప్రధానోపాధ్యాయినిగా పనిచేసినదానిని. గది నిశ్శబ్దంగా ఉంటే అంతా సవ్యంగా ఉన్నదని నమ్మినదానిని. ఆ డాక్టరు గది చాలా నిశ్శబ్దంగా ఉంది.

అక్కడ కూర్చున్నది మేము ముగ్గురమే. నేను, తమ్ముడు, వాడి భార్య. మా మరదలిది తమిళం, తెలుగు కలిసిన క్లాంగ్ పట్నపు కుటుంబం; తెలుగు అర్థం చేసుకుంటుంది, తడుముకుంటూ మాట్లాడుతుంది, భయపడితే తమిళంలోకి జారిపోతుంది. తమ్ముడు రేవు దగ్గర ఒక గోదాములో సూపర్‌వైజరు. కొన్ని నెలలుగా వాడి మొహం పాలిపోతూ వచ్చింది, చేతుల మీద తగలని దెబ్బలకు కమిలిన మచ్చలు కనిపించాయి, పళ్ళు తోముకుంటే నెత్తురు వచ్చేది. షిఫ్టు పని వల్లనేనని వాడు కొట్టిపారేశాడు. పరీక్ష చేస్తే రక్తపు క్యాన్సరని తేలింది.

డాక్టరు చైనా కుటుంబంలో పుట్టిన నడివయసు స్త్రీ. తొందర లేకుండా, ఒక మాట పూర్తి చేసిన తరువాతే మరొక మాట ఎత్తుకొంటూ చెప్పింది. ఆమె చెప్పిన క్రమం నాకు నచ్చింది. చెప్పిన విషయం నచ్చేది కాదు.

మూలుగలో కొన్ని మూలకణాలు ఉంటాయట. వాటికి తమదంటూ ఒక పని లేదు. అవి ప్రాణవాయువును మోయవు, రోగాన్ని ఎదిరించవు, గాయాన్ని మూయవు. అవి చేసేదల్లా రెండుగా విడిపోవడమే. అలా పుట్టినవాటిలో కొన్ని మూలకణాలుగానే మిగిలి వంశాన్ని నిలుపుతాయి. మిగిలినవి ఒక దారి పడతాయి. దారి చీలుతుంది, చీలినచోట మళ్ళీ చీలుతుంది. ఒక శాఖన పోయినది ఎర్ర కణమవుతుంది, మరొక శాఖన పోయినది రోగాన్ని ఎదిరించే తెల్ల కణమవుతుంది, ఇంకొకటి నెత్తురు గడ్డకట్టించే కణమవుతుంది. తల్లి కడుపులో మొట్టమొదటి కణాలకైతే ఇంతకంటె విశాలమైన స్వాతంత్ర్యం ఉంటుందట: కన్నైనా కావచ్చు, కాలేయమైనా కావచ్చు, మెదడైనా కావచ్చు. ఏ కణంలో చూసినా ఉన్న గ్రంథం ఒక్కటే. ఏ అధ్యాయం తెరుచుకున్నది, ఏది మూతపడినది అన్నదే తేడా. ఒకసారి పూర్తిగా ఒక పనికి స్థిరపడిన కణం వెనుకకు తిరిగి రాదు.

తమ్ముడి మూలుగలో ఈ క్రమం తప్పింది. పుడుతున్న కణాలు ఏ దారీ పట్టడం లేదు. ఎర్రవీ కావు, తెల్లవీ కావు. సగం ఎదిగి ఆగిపోయి, ఆ సగం ఎదుగుదలతోనే తమవంటివాటిని లెక్కలేనన్నిగా కంటున్నాయి. నా కళ్ళకు ఒక బడి కట్టింది. మొదటి తరగతిలో చేరినవారెవ్వరూ పై తరగతికి పోరు. ఏటేటా మరింతమంది అదే గదిలోకి వచ్చి నిండుతారు. చివరకు పాఠం చెప్పేవారికి నిలబడే చోటు కూడా ఉండదు. అటువంటి బడిని నేను ఏ రోజూ చూడలేదు. నా తమ్ముడు దానిని ఎముకల్లో మోస్తూ నా పక్కన కూర్చొని, ప్లాస్టిక్ కుర్చీ చేతిని గోటితో గీకుతున్నాడు.

మొదటి విడత మందులతో జబ్బు అణిగింది గాని, మూలుగను మార్చకపోతే అది తిరిగి వస్తుందని డాక్టరు తేల్చి చెప్పింది. ఆ తరువాత చేసిన రక్తపరీక్షలలో నా కణాలు వాడికి సరిపోయాయి. అప్పుడు ఆమె నన్ను ఒంటరిగా పిలిచి, పిల్లలెందరని అడిగింది. నాకు పెళ్ళి కాలేదని చెప్పాను. కడుపు ఎప్పుడూ రాలేదా అని మళ్ళీ స్పష్టంగా అడిగింది. రాలేదన్నాను. మంచిదన్నది. బిడ్డను మోసిన స్త్రీ రక్తం ఆ బిడ్డ కణాలను పరాయివిగా గుర్తుపట్టడం నేర్చుకొని ఉండవచ్చునట. అటువంటి దాత కణాలు మగవాడి ఒంట్లో చేరితే అతని శరీరం మీదనే తిరగబడే ప్రమాదం కొంత ఎక్కువట. నేను కననందుకు నలుగురూ జాలిపడడమే ఎరుగుదును. మంచిదన్న మనిషిని అప్పుడే చూశాను.

కాని ఆమె అక్కడితో ఆగలేదు. ప్రమాదం తగ్గుతుందే గాని పోదన్నది. మూలకణాలతో పాటు నాలోని ఎదిగిన తెల్ల కణాలు కూడా కొన్ని వాడి ఒంట్లోకి పోతాయి. అవి నా ఒంటిని తమ ఇల్లుగా ఎరిగినవి. వాడి చర్మాన్ని, పేగులను, కాలేయాన్ని చూసి ఇది మన ఇల్లు కాదని తేల్చుకొంటే దాడి చేస్తాయి. నా నుంచి వెళ్ళినదే వాడిని చంపవచ్చు. ఆమె ఆ క్రియాపదం వాడలేదు. తిరుగు కమ్యూటర్ రైలులో కిటికీ పక్కన కూర్చొని నేనే వాడుకున్నాను.

మూలకణాలను మూలుగ నుంచి నెత్తురులోకి రప్పించడానికి కొన్ని రోజులు నాకు పొట్ట మీద సూదిమందు ఇచ్చారు. తుంటి, వెన్ను, రొమ్ము ఎముక లోపలి నుంచి ఎవరో మోచేతులతో నెట్టుతున్నట్టు సలిపేవి. ఆ నొప్పి నాకు ఊరటనిచ్చింది. లోపల పని జరుగుతున్నదని దాని అర్థం. తరువాత ఒక పగలంతా యంత్రం పక్కన పడుకోబెట్టారు. ఒక చేతి నుంచి నెత్తురు బయటకు పోయి, యంత్రంలో వేరుపడి, మిగిలినది రెండవ చేతిలోకి తిరిగి వచ్చింది. పెదవులు తిమ్మిరెక్కాయి. సాయంత్రానికి ఒక సంచి నిండింది. అందులో ఉన్నది ఎర్రగా లేదు. పెళ్ళి విందుల్లో పోసే బండుంగ్ అనే గులాబి పాల పానీయానికి కాస్త ముదురు రంగు, అంతే. ఇందులో నా తమ్ముడి ప్రాణం ఉన్నదని నమ్మడానికి ఆ రంగు నాకు సహకరించలేదు.

వాడి మూలుగను అంతకుముందే మందులతో ఖాళీ చేశారు. నేను గౌను, ముసుగు వేసుకొని ఆ ప్రత్యేక గదిలోకి వెళ్ళేసరికి వాడి తల మీద ఒక్క వెంట్రుక లేదు. సంచి చూసి నవ్వాడు. మా ఇళ్ళలో అక్కను అప్ప అంటాం; మాట చివర మలయ్ వాళ్ళ 'లా' తగిలించడం వాడి అలవాటు.

"అప్పా, నీ సెల్సు ఎక్కినాక నాను కూడా బెత్తం అట్టుకొని తిరుగుతానేమో సూడు. గోడౌన్‌లో కుర్రోళ్ళకి సెప్పి ఉంచమను లా."

"మాట్లాడకుండా పడుకో," అన్నాను.

"ఇదిగో, నీ బెత్తం అప్పుడే లేసినాది," అన్నాడు.

మామూలు నెత్తురు ఎక్కించినట్టే, మెడ దగ్గరి గొట్టం గుండా ఎక్కించారు. మూలుగలోకి ఎలా చేరుతాయని నర్సును అడిగాను. దారి వాటికే తెలుసునన్నది. నెత్తురుతో పాటు ఒళ్ళంతా తిరిగి, ఖాళీగా ఉన్న మూలుగను పసిగట్టి, అందులో గూడు కట్టుకొంటాయట. పంపేవారు లేరు, చేర్చుకొనేవారు లేరు, హాజరు పిలిచేవారు లేరు. జీవితమంతా క్రమాన్ని కాపలా కాసి నిలబెట్టవలసినదిగా ఎంచినదానిని నేను. కాపలా లేని ఈ ఏర్పాటు మీద నా తమ్ముడిని వదిలి ఇంటికి పోవలసి వచ్చింది.

ఆ నర్సు తమిళ మహిళ. సంచి ఖాళీ అయిన తరువాత ఆమె మరదలితో ఒక మాట అన్నది: ఈ రోజు మీవారికి కొత్త పుట్టుక, ఇకమీదట ఆయనను అప్పుడే పుట్టిన బిడ్డలాగా చూసుకోవాలి, బయటి గాలి, బయటి మనుషులు, బయటి తిండి ఏదీ తగలకూడదు అని. మరదలు ఆ మాటను ఇంటికి మోసుకుపోయి మా పిన్నమ్మకు చెప్పింది.

మా పిన్నమ్మ మా అమ్మ చెల్లెలు. ఎనభై దాటినా నడుము వంగని మనిషి. ఎస్టేటు రోజుల్లో, కూలీల వరుస ఇళ్ళైన మా లైనిళ్ళలో ఏ ఆడదానికి నొప్పులు వచ్చినా ఆమె ఉండవలసిందే. ఆ తరువాత బాలింతకు పథ్యం వండిపెట్టవలసినదీ ఆమే. తమ్ముడి జబ్బు సంగతి విని సుంగై సుమున్ నుంచి వచ్చి, క్లాంగ్‌లో వాడి ఇంట్లోనే ఉంటున్నది. ప్రత్యేక గది ఎందుకో, ముసుగులెందుకో అంతవరకు ఆమెకు అంతుపట్టలేదు. పుట్టుక అన్న మాట వినగానే అంతా తేలిపోయింది.

"పురుడన్నమాట. ముందే సెప్పొచ్చు గదా," అన్నది.

ఆనాటి నుంచి ఆ ఇల్లు ఆమె ఆజ్ఞలో నడిచింది. పరామర్శకు వస్తామన్న చుట్టాలందరికీ ఫోనులో పురుడని చెప్పి నిలిపివేసింది. నేను శాస్త్రం వివరించి ఎంత చెప్పినా వినని బంధువులు, సంచుల్లో నారింజలు పట్టుకొని ఆసుపత్రి లిఫ్టు దగ్గర చేరిన బంధువులు, పురుడనగానే ఒక్కరూ గడప దాటలేదు. మగవాడికి పురుడేమిటని నవ్వారు గాని దూరంగానే ఉన్నారు. నాకది సంతోషమే కలిగించింది. పేరు ఏదైతేనేమి, నియమం నిలిచింది కదా అనుకున్నాను. ఒక ఆచారంలో మనకు పనికివచ్చే సగాన్ని మాత్రం తీసుకొని మిగిలిన సగాన్ని వదిలేయవచ్చునని చదువుకున్నవాళ్ళం అనుకొంటాం. పిన్నమ్మకు ఆచారం సగాలుగా లేదు.

తరువాతివి వేచి చూసే రోజులు. కణాలు గూడు కట్టుకొని, విడిపోయి, దారి పట్టి, ఎదిగి బయటికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుందని డాక్టరు ముందే చెప్పింది. అంతవరకు తమ్ముడి నెత్తురులో రోగాన్ని ఎదిరించే కణాలు దాదాపు లేనట్టే. నోరంతా పూసింది. నీళ్ళు మింగడానికి కూడా మొహం చిట్లించేవాడు. హాస్యం మాత్రం మానలేదు. అది మానినప్పుడు చూద్దామని నాకు నేను ఒక గీటు గీసుకున్నాను. రోజూ ఉదయం రైలెక్కి పోయి, ఆ గది అద్దానికి ఇవతల నా వంతు వచ్చేవరకు కూర్చొనేదానిని. నా వయసు కణాలకు ఇంకా బతకనేర్పు ఉన్నదా, ఇన్నేళ్ళు ఒకే ఒంట్లో తిరిగినవి కొత్త చోట మళ్ళీ మొదటి తరగతి నుంచి మొదలుపెట్టగలవా అని ఆలోచించేదానిని. తెల్ల కణాలు కనిపించాయా అని అడిగితే నర్సు తల అడ్డంగా ఊపేది.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి తమ్ముడు మాట్లాడలేదు. మంచం వణుకుతున్నది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. జ్వరం. నర్సులు త్వరత్వరగా, ఏ మాటా లేకుండా పనిచేస్తున్నారు. నాకు తెలిసిన నిశ్శబ్దాలలో అంత భయంకరమైనది మరొకటి లేదు. డాక్టరు వచ్చి చూసి, మమ్మల్ని నడవలోకి పిలిచి, బయటి నుంచి ఏదైనా తిన్నాడా అని అడిగింది. నేను లేదన్నాను. మరదలు నేల చూసింది.

డాక్టరు లోపలికి వెళ్ళింది. మరదలు చేతులకున్న తొడుగులు తీసి డబ్బాలో వేసింది. అప్పుడు నాకు ఆ వాసన తగిలింది. మిరియాలు, పిప్పళ్ళు, శొంఠి, వాము దంచి, పాకంలో కలిపి, నేతిలో ఉడికించిన వాసన. మా ఎస్టేటులో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఆ వాసన లైనంతా కమ్ముకొనేది. బాలింతకు పెట్టే కాయం అది. రెండు రోజుల క్రితమే పిన్నమ్మ నాకు కూడా ఒక డబ్బా పంపింది. ఎందుకు పంపిందో ఆలోచించకుండా దానిని ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయాను.

"ఎంత పెట్టావు?" అని అడిగాను.

మరదలు మొదట ఏదో తమిళంలో గొణిగింది. తరువాత తెలుగులో చెప్పింది.

"ఒక గోళీ అంతే, వదినా. నిన్న ఒకటి, ఈ పొద్దు ఒకటి. పిన్నమ్మ నేతిలో బాగా ఉడికించినాను అన్నారు. ఆయన కూడా అడిగినారు. నోట్లో ఏ రుచీ లేదు, అది ఒకటే కారంగా తెలుస్తా ఉంది అన్నారు."

"డాక్టరుతో చెప్పాలి."

"వద్దు వదినా. చెప్తే నన్ను లోపల విడవరు. ఆయన లోపల ఒంటరిగా..."

ఆమె నా చెయ్యి పట్టుకున్నది. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆమె నన్ను తాకిన సందర్భాలు బహు తక్కువ. నేను మెల్లగా విడిపించుకొని లోపలికి వెళ్ళి డాక్టరుకు అంతా చెప్పాను: ఏ దినుసులు, ఎలా వండుతారు, ఎంత తిన్నాడు. ఆమె కోపగించలేదు. ఎండు దినుసుల్లో, ముఖ్యంగా మిరియాలలో, కంటికి కనపడని బూజు ఉంటుందని, మామూలు మనిషికి అది ఏమీ కాదని, ఎదిరించే కణాలు లేనివాడికి ఊపిరితిత్తుల దాకా పోగలదని చెప్పి, బూజు మీద పనిచేసే మందు కూడా కలిపింది. ఈ దశలో జ్వరం చాలామందికి వచ్చేదేనని, దేనివల్ల వచ్చినదో తేలకపోవచ్చునని కూడా అన్నది. మరి నా కణాలే చేస్తున్నాయేమోనని అడిగాను. అదీ తోసిపుచ్చలేనని జవాబిచ్చింది. నిజం చెప్పే మనుషులను నేను గౌరవిస్తాను. ఆనాడు మాత్రం ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని కోరుకున్నాను.

మరదలిని లోపలికి వెళ్ళకుండా ఆపారు. ఆమె అద్దానికి ఇవతలే నిలబడింది. నేనూ కలిసి నిలబడ్డాను.

సాయంత్రం క్లాంగ్‌లో దిగి నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. ఏమనాలో రైలులోనే వాక్యాలు కూర్చుకున్నాను. పిన్నమ్మ వంటింట్లో రోలు కడుగుతున్నది. జ్వరం సంగతి చెప్పి, కారణం కాయం కావచ్చునని చెప్పి, మగవాడికి పురుడు ఏ లోకంలో ఉందని అడిగాను. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకొని నా మొహంలోకి చూసింది.

"మగోడికి పురుడని ఎవులన్నారే అమ్మీ? కన్నది నువ్వు."

ఆమె చెయ్యి చాచి నా నడుము తడిమింది.

"నీ మూలుగలోంచి తీసినారు గదా. ఎముకలు నొప్పులెట్టినాయని నువ్వే సెప్పినావు. కన్నోలికి కాయం పెట్టకపోతే నడుం నిలబడదు. అందుకే నీకో డబ్బా పంపినాను. ఆడికి, పసిగుడ్డు గదా, రవ్వంత నాకించమన్నాను. తల్లి తిన్నది పాలల్లో బిడ్డకి పోతాది. నీకు పాలు నేవు. మరేటి సేస్తాను?"

రోలు మీద ఒక చెయ్యి ఆనించి, మళ్ళీ అడిగింది.

"ఆడు సచ్చిపోతాడా?"

నేను కూర్చుకున్న వాక్యాలలో ఈ ప్రశ్నకు తగినది లేదు. తెలియదన్నాను. ఆమె నేల మీద కూర్చున్నది. ఆ రోజు వరకు ఎన్ని పురుళ్ళు చూసిన మనిషో, ఎన్నిటిలో ఏమేమి చూసిన మనిషో నేను ఆలోచించలేదు. ఆమె కూడా నావలెనే భయపడుతున్నది. భయపడినప్పుడు చేతనైన పనే చేసింది. ఆమెకు చేతనైనది కాయం. నేనూ ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. నేల తడిగా ఉంది. లేవాలనిపించలేదు.

జ్వరం వెంటనే తగ్గలేదు. ఒక పూట దిగి మరొక పూట ఎక్కేది. తమ్ముడు కళ్ళు తెరిచి నన్ను చూసి, మా అమ్మననుకొని అమ్మా అని పిలిచి, మళ్ళీ మూసుకున్న పూట ఒకటి ఉంది. దానిని గురించి ఇంతకంటె రాయలేను.

తరువాత ఒక ఉదయం నేను అద్దం దగ్గర కూర్చోబోతుండగా ఆ తమిళ నర్సే వచ్చి, తెల్ల కణాలు కనిపించాయని చెప్పింది. చాలా కొంచెమే. మరునాడు కూడా ఉన్నాయి, కాస్త పెరిగాయి. ఆ మరునాడు జ్వరం దిగి మళ్ళీ ఎక్కలేదు. డాక్టరు వచ్చి, ఇవి మీవే, ఆయనవి కావు అన్నది. ఎర్రవి కావలసినవి ఎర్రవిగా, తెల్లవి కావలసినవి తెల్లవిగా ఎదుగుతున్నాయట. ఎవరూ చెప్పకుండా, ఎవరూ దిద్దకుండా. నేను ధన్యవాదాలు చెప్పి స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి, ముసుగు తీసి చాలాసేపు నిలబడ్డాను.

ఇంటికి పంపిన కొన్నాళ్ళకు అరచేతులు ఎర్రబడ్డాయి. తరువాత అరికాళ్ళు, చెవుల వెనుక, మెడ. మరదలు ఫోను చేసినప్పుడు నేను చెప్పులు కూడా సరిగా వేసుకోలేదు. డాక్టరు చూసి, నేను భయపడుతూ వచ్చినది ఇదేనని నిర్ధారించింది. నా తెల్ల కణాలు వాడి చర్మాన్ని పరాయిదనుకున్నాయి. ఇంతవరకైతే తేలికపాటిదే, మందులతో అదుపు చేయవచ్చు, కొంచెం ఉండడం మంచి గుర్తే కూడా. మిగిలి ఉన్న క్యాన్సరు కణాలను కూడా అవి ఇలాగే పట్టుకొంటాయన్నది. లోపలికి, పేగుల్లోకి పోతే మాత్రం వేరే సంగతి. నేను విన్నది ఆ చివరి మాటే. తమ్ముడు పరీక్ష బల్ల మీద కూర్చొని రెండు అరచేతులూ నా ముందు చాచాడు.

"సూసినావా అప్పా? అప్పుడే ఎర్ర సిరాతో దిద్దడం మొదలెట్టినాయి. ఎన్ని తప్పులున్నాయో లా నాలో."

మరదలు నవ్వింది. డాక్టరుకు అనువదించి చెబితే ఆమె కూడా నవ్వింది. నేను ఆ చేతులను చూశాను. చిన్నప్పుడు ఎముక తట్టిన చేతులు. వాటిలో నేనున్నాను, వాటిని కాలుస్తున్నాను. నవ్వడం నా వల్ల కాలేదు. వాడికి అది తెలిసింది. చేతులు వెనుకకు తీసుకొని, మందు తినకముందు వేసుకోవాలా, తిన్నాక వేసుకోవాలా అని డాక్టరును అడగడం మొదలుపెట్టాడు.

ఎరుపు నెమ్మదిగా పల్చబడింది. చర్మం పొట్టుగా రాలింది. పేగుల్లోకి పోలేదు, ఇంతవరకు పోలేదు. మొన్నటి పరీక్షలో వాడి రక్తం గ్రూపు మారిందని, ఇప్పుడది నా గ్రూపేనని చెప్పారు. పుట్టినప్పటి నుంచి వాడిలో తిరిగిన నెత్తురు ఇక వాడిలో పుట్టడం లేదు. పిన్నమ్మకు చెబితే ఆశ్చర్యపడలేదు; కన్నవాళ్ళ నెత్తురు గాక మరెవరిది వస్తుందని అడిగింది. ఇప్పుడు కాయం జోలికి పోదు. తమ్ముడికి ఏది పెట్టాలన్నా ముందు నన్ను అడుగుతుంది. నేను డాక్టరును అడుగుతాను. ఆ వరుస మాకు కుదిరింది.

ఆ పరీక్ష ఫలితం విని ఇంటికి వచ్చిన రోజున ఫ్రిజ్ తెరిచి పెరుగు వెతుకుతుంటే అడుగు అరలో పిన్నమ్మ పంపిన డబ్బా చేతికి తగిలింది. నెయ్యి పైకి తేలి తెల్లగా గడ్డకట్టింది. చెడిపోలేదు, కాయం అంత తొందరగా చెడిపోదు. పారేయాలని చెత్తబుట్ట దాకా తీసుకుపోయాను. అక్కడ నిలబడి, చెంచాతో గోళీ అంత తీసి నోట్లో పెట్టుకున్నాను. మొదట తీపి, ఆ వెంటనే మిరియం, ఆ తరువాత గొంతు నుంచి కడుపు దాకా ఒక గీతగా మంట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని ఇళ్ళలో ఇంతమంది ఆడవాళ్ళు ఏ మాటా అనకుండా మింగిన కారం ఇదా అనుకున్నాను.

నీళ్ళు తాగకుండానే తమ్ముడికి ఫోను చేశాను. భోజనం చేస్తున్నానన్నాడు. అవతలి నుంచి ఏదో పీల్చిన చప్పుడు వినిపించింది. ఏమిటది, బయటిదేమైనా తింటున్నావా, బాగా ఉడికిందేనా అని ఒక్కసారే అడిగాను.

"మూలుగే లా అప్పా. ఇంట్లోదే. నీ మరదలు పొద్దుటినుంచీ ఉడికించినాది. మళ్ళీ సప్పుడు సెయ్యనా, మానెయ్యనా?"

చెయ్యమన్నాను. ఫోను చెవికి గట్టిగా ఆనించి విన్నాను. ఆ చప్పుడులో దగ్గు ఏమైనా కలిసి ఉన్నదేమోనని విన్నాను.